ఆ పసుపు లైటు నాకు రాసిన ఉత్తరం నాకూ చూపించండి

కార్ల సర్వీస్ సెంటర్ల మేనేజర్లకు, సర్వీస్ అడ్వైజర్లకు,

నమస్కారం.

నేను తెనాలిలో జీవిత బీమా ఏజెంటుని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. 2018 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఒకటుంది. పొన్నూరు, రేపల్లె, కొల్లిపర, అమృతలూరు, వారానికోసారి విజయవాడ, పాలసీదారు ఎక్కడుంటే అక్కడికి ఆ బండి మీదే వెళ్తాను. వారంటీ అయిపోయి చాలా కాలమైంది. అయినా సర్వీసుకి మీ దగ్గరికే తెస్తూ వచ్చాను, ఒక్కసారి కూడా బయట చేయించలేదు, మొన్న మార్చి దాకా.

ఈ ఉత్తరంలో ఏ కంపెనీ పేరూ రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు మన గొడవ కాదులే అనుకుంటారు. ఇది అందరి గొడవ.

మార్చి మొదటి వారంలో విజయవాడ వెళ్తున్నాను. దుగ్గిరాల దాటిన కాసేపటికి మీటర్ల మధ్యలో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది, చెక్ ఇంజిన్ లైటు అంటారే, అది. బండి మామూలుగానే పోతోంది. శబ్దం లేదు, కుదుపు లేదు, పికప్ తగ్గలేదు. పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, ఏదో తెలిసినవాడిలా రెండు నిమిషాలు లోపలికి చూసి మళ్లీ మూసేశాను. అందరం చేసే పనే. సాయంత్రం ఇంటికొచ్చి యజమాని మాన్యువల్ తీస్తే 'అధీకృత డీలర్‌ను సంప్రదించండి' అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. సంప్రదించాను.

మీ కుర్రాడు స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో వైరు పెట్టాడు, ట్యాబ్‌లో ఏదో చూశాడు, లోపలికి వెళ్లొచ్చాడు. "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్" అన్నారు. నేను మారు మాట్లాడలేదు. పార్టు, మజూరీ, పన్ను కలిపి బిల్లు 8,340 రూపాయలు. లైటు ఆరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

పదకొండో రోజున, రేపల్లె నుంచి వస్తుంటే, మళ్లీ వెలిగింది.

ఈసారి మీరు చెప్పిన మాట క్యాటలిటిక్ కన్వర్టర్. ఎస్టిమేట్ కాగితం మీద 61,500 రూపాయలు. ఆ బండి ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో నాకు తెలుసు కాబట్టి గుండె కాస్త జారింది. మా అమ్మాయి హాస్టల్ ఫీజు కట్టాల్సిన నెల అది. ఆ టెన్షన్‌లో కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే, వైరు పెట్టిన కుర్రాడు మామూలుగా ఒక మాట అన్నాడు: "అదే కోడ్ మళ్లీ వచ్చింది సార్. పి0420."

అదే కోడా? మొదటిసారి కూడా ఇదే కోడ్ అయితే, నేను కట్టిన 8,340 రూపాయలు దేనికి? ఆ ప్రశ్న మీ అడ్వైజర్ గారిని అడిగాను. "అప్పుడు సెన్సార్ కూడా వీక్‌గా ఉంది సార్" అన్నారు. వీక్‌గా ఉందని చూపించే రీడింగ్ ఏదైనా ఉందా అంటే సిస్టంలో ఉండదన్నారు. పాత సెన్సార్ చూపించమంటే స్క్రాప్‌లో వేసేశామన్నారు. నేను నోరు మూసుకుని వచ్చేశాను. మీరు నాతో మర్యాదగానే మాట్లాడారు, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, అది కాదనను.

తర్వాత ఆ కోడ్ సంగతి నేను తెలుసుకున్నాను. మీకు తెలియనిదేం కాదు, కానీ నాలాంటివాడు ఎంత సులువుగా అర్థం చేసుకోగలడో మీరు చూడాలని రాస్తున్నాను. సైలెన్సర్ గొట్టంలో, ఇంజిన్‌కి దగ్గరగా, తేనెపట్టులాంటి ఒక దిమ్మ ఉంటుంది, అదే క్యాటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పూసిన దిమ్మ. అందుకే అంత ధర. ఇంజిన్ నుంచి వచ్చే విషపు గాలిని అది శుభ్రం చేస్తుంది. దానికి ముందొక ఆక్సిజన్ సెన్సార్, వెనకొకటి, ఆ గాలిలో ఆక్సిజన్ ఎంతుందో చూసేవి. ముందు సెన్సార్ రీడింగ్ ఎగిరెగిరి పడుతుంటుంది. దిమ్మ బాగా పనిచేస్తుంటే వెనక సెన్సార్ రీడింగ్ నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఎగరడం మొదలెడితే, దిమ్మ పని చేయడం లేదేమోనని కారులోని కంప్యూటర్‌కి అనుమానం వస్తుంది. వెంటనే లైటు వెలిగించదు కూడా, ఇంకో ప్రయాణంలోనూ అదే కనబడితే అప్పుడు వెలిగిస్తుంది. ఆ అనుమానం పేరే పి0420. పార్టు పేరు కాదది, ఒక అనుమానం పేరు. ఆ అనుమానానికి కారణాలు చాలా ఉండొచ్చు. దిమ్మ నిజంగానే పోయి ఉండొచ్చు. సెన్సార్ తప్పు చెబుతుండొచ్చు. లేదా గొట్టం ఎక్కడో లీకై బయటి గాలి లోపలికి పోతుండొచ్చు.

నాది మూడోది.

విజయవాడ ఆటోనగర్‌లో మా పాలసీదారు ఒకాయన మెకానిక్. అరవై దాటిన మనిషి. ఆయన దగ్గర మీ అంత పెద్ద స్కానర్ లేదు, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే అగ్గిపెట్టెంత పరికరం ఉంది. కోడ్ చదివి, "బండి ఇక్కడ పెట్టి వెళ్లండి బాబుగారూ, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి" అన్నాడు. మర్నాడు నేను కూడా వెళ్లాను. స్టార్ట్ చేయగానే కింద ఎక్కడో టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు. ఇంజిన్ వేడెక్కే కొద్దీ తగ్గిపోతోంది. వేడికి లోహం సాగి సందు సన్నబడుతుందట. అందుకే మీ దగ్గరికి వేడి బండి తెచ్చినప్పుడు ఎవరికీ వినబడలేదు, వినడానికి ఎవరూ వంగలేదు కూడా. ఆయన సైలెన్సర్ మూతికి పాత గుడ్డ అడ్డం పెట్టి ఒక్క క్షణం పట్టుకున్నాడు. వెనక సెన్సార్‌కి జానెడు ముందున్న జాయింట్ దగ్గర బుస్సుమంది. టార్చి వేసి చూపించాడు, అక్కడ గొట్టం మీద నల్లగా మసి చార.

ప్యాకింగ్ కాలిపోయింది, అంతే. బోల్టు ఒకటి తుప్పుపట్టి వదులైంది. కొత్త ప్యాకింగ్ 180, బోల్టులు 70, స్కానింగ్ 300, మజూరీ 400. మొత్తం 950 రూపాయలు. ఫోన్ తెర మీద రెండు గీతలు చూపించాడు, ముందు సెన్సార్‌దొకటి, వెనకదానిదొకటి. ప్యాకింగ్ మార్చకముందు రెండూ ఎగురుతున్నాయి. మార్చాక వెనకది నీళ్లు నిండిన చెరువులా నిలబడింది. ఆ తర్వాత అయిదు నెలలయింది, ఆరు వేల కిలోమీటర్ల పైన తిరిగాను. లైటు రాలేదు.

ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు, ఆటోనగర్ మెకానిక్‌ని దేవుణ్ణి చేసి మమ్మల్ని దొంగల్ని చేస్తున్నాడని. కాదండీ. బండి అమ్మేముందు లైటు తాత్కాలికంగా ఆర్పేసి కొనేవాడి నెత్తిన పెట్టే మెకానిక్‌లు అక్కడా ఉన్నారు. లైటు మీద నల్ల టేపు అంటించిన బండి కూడా నేను చూశాను. కన్వర్టర్‌లు నిజంగా పోతాయని, సెన్సార్‌లు నిజంగా పోతాయని, రెండూ ఖరీదైనవేనని నాకు తెలుసు. మీ ధర మీద నాకు పేచీ లేదు. చూడకుండా చెప్పిన ధర మీదే పేచీ.

అసలు సంగతి ఏమిటో నాకు తెలుసనుకుంటున్నాను, ఎందుకంటే నాదీ టార్గెట్ల ఉద్యోగమే. మార్చి నెలంటే మా బ్రాంచిలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మీకూ మార్చి ఉంటుంది. కొత్త పాలసీకి నాకు కమిషన్ వస్తుంది. "మీకిప్పుడు కొత్త పాలసీ అక్కర్లేదండీ, ఉన్నదే కట్టుకోండి" అని ఒక గంట కూర్చుని వివరిస్తే కొత్తగా పైసా రాదు. అయినా చెప్పాల్సినప్పుడు చెప్తాను, ఎప్పుడూ చెప్పానని మాత్రం ప్రమాణం చేయలేను. మీ దగ్గరా అంతే. పార్టు మారిస్తే బిల్లు వేయొచ్చు. మీ కుర్రాడు రాత్రంతా చల్లారిన బండి కింద పొద్దున్నే దూరి, చప్పుడు విని, గుడ్డ పెట్టి, రెండు గీతలు పోల్చి చూస్తే దానికి మీ జాబ్ కార్డులో గడే లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు మా వైపు. మీరు కాకులని కాదు. పుండు ఉంటేనే కడుపు నిండేలా పద్ధతి పెట్టుకుంటే మంచి పక్షి కూడా కాకి అవుతుంది.

కాబట్టి చూసినందుకు డబ్బు తీసుకోండి. మనస్ఫూర్తిగా అంటున్నాను. వెయ్యి తీసుకోండి, అవసరమైతే పదిహేను వందలు. డాక్టరు ఫీజు కట్టి, మందు అక్కర్లేదన్నందుకు డాక్టరు మీద ఎవరైనా కోప్పడతారా? మీరు స్కానింగ్ ఉచితం అని బోర్డు పెట్టి, ఆ ఉచితాన్ని సెన్సార్ బిల్లులో రాబట్టుకుంటున్నారు.

ఆ డబ్బుకి బదులుగా నాకు కావలసింది ఒక కాగితం. ఎస్టిమేట్‌కి ముందు కావాలి, తర్వాత కాదు. దాని మీద కోడ్ నంబర్ ఉండాలి. దానితో పాటు మీరు ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారే, లైటు వెలిగిన క్షణంలో బండి స్పీడెంత, ఇంజిన్ వేడెంత అని కంప్యూటర్ దాచిపెట్టే వివరాలు, అవి ఉండాలి. కోడ్ చెరిపేస్తే అవి కూడా చెరిగిపోతాయట. నా మొదటి లైటు వివరాలు అలాగే పోయాయి, చెరిపేముందు నన్ను అడగలేదు. ఆ బండిలో పుట్టిన సమాచారం నాదని నా ఉద్దేశం. ఆ లైటు నన్ను ఉద్దేశించి వెలిగింది, నా కళ్ల ముందు వెలిగింది. నాకొచ్చిన ఉత్తరం మీరు చదివి, చింపేసి, 'మీ ఇంట్లోవాళ్లు డబ్బు పంపమన్నారు' అని చెప్పినట్టుంది వ్యవహారం.

కోడ్ కింద, ఏయే పరీక్షలు చేశాకే ఈ పార్టు మార్చాలంటున్నామో రెండు ముక్కలు రాయండి. తెలుగులో రాసినా సరే, మీ కుర్రాళ్లు చక్కగా రాస్తారు. మార్చిన పాత పార్టు ఒక కవర్లో పెట్టి డిక్కీలో పడేయండి, అడక్కుండానే. వెయ్యి కిలోమీటర్ల లోపు అదే కోడ్ మళ్లీ వస్తే, మొదట అమ్మిన పార్టు లెక్క తేల్చకుండా రెండో పార్టు ఎస్టిమేట్ చేతిలో పెట్టకండి. నేను ఒక్క ప్రీమియానికి రసీదు ఇవ్వకపోతే ఏ ఊళ్లోనూ నన్ను గడప తొక్కనివ్వరు. అంతకంటే ఎక్కువేం అడగడం లేదు.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 2011లో ఒక్క వ్యక్తి ఇచ్చిన ఫిర్యాదుతో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారణ మొదలుపెట్టి, 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. అసలు స్పేర్ పార్టులు, రోగం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేశారన్నది అందులో ముఖ్యమైన తప్పు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. 8,340 రూపాయల కోసం వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే ఓపిక మాత్రం లేదు, నా ఆ ఓపిక లేనితనం మీద మీకు బాగా నమ్మకం ఉందేమో కూడా.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. ఈ కథంతా ఫోన్‌లో చెప్తే నవ్వాడు. అక్కడ లైటు వెలిగితే ముందు స్పేర్ పార్టుల దుకాణానికి పోతాడట, వాళ్లు డబ్బు తీసుకోకుండా కోడ్ చదివి కాగితం ఇస్తారు, ఆ కాగితం పట్టుకుని మెకానిక్ దగ్గరికి. ఈ లైటు వెలుగుతుంటే అక్కడ పొల్యూషన్ పరీక్షే పాస్ కాదు కాబట్టి అందరూ దాని సంగతి కాస్తో కూస్తో తెలుసుకుంటారు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కి గొట్టంలో కడ్డీ పెట్టి పొగ చూస్తారు గాని లైటు జోలికి పోరు. అమెరికాలో పార్టులు అమ్మేవాడే ఉచితంగా కోడ్ చదువుతున్నాడంటే వాడి లాభం వాడికుంది, అదీ నాకు తెలుసు. కానీ కాగితం మా వాడి చేతిలో ఉంటుంది కదా.

ఒక చిన్న పని కూడా చేయండి. మీ రిసెప్షన్‌లో, కాఫీ మెషీన్ పక్కన, తెలుగులో ఒక బోర్డు పెట్టండి: లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడుపుకుంటూ వీలైనంత త్వరలో చూపించుకోండి, మిణుకు మిణుకుమంటే మాత్రం పక్కకి ఆపండి. మిణుకుమంటోందంటే ఏదో సిలిండర్ సరిగా మండటం లేదని, కాలని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌ని మాడ్చేస్తోందని మా తోటి ఏజెంటుకి ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేస్తే "సోమవారం తీసుకురండి సార్" అన్నారు. ఆయన అలాగే ఒంగోలు వెళ్లొచ్చాడు, బండి వణుకుతూనే. పోయింది ఒక్క ఇగ్నిషన్ కాయిల్, స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి, రెండోది ఒకటోదానికి పెడితే, ఒకటో సిలిండర్ అని చెప్పే కోడ్ పి0301 కాస్తా రెండోదని చెప్పే పి0302 అయింది. రోగం కాయిల్‌తో పాటు జరిగింది కాబట్టి రోగం కాయిల్‌దే. పది నిమిషాల పని. కానీ అప్పటికి కన్వర్టర్ కూడా పోయింది, ఆయనకి మీ ఎస్టిమేట్ నిజంగానే అవసరమైంది.

ఎలుకల సంగతి రాయకపోతే మా వీధి వాళ్లు ఊరుకోరు. వానాకాలం వస్తే మా దగ్గర సగం చెక్ ఇంజిన్ లైట్లు ఎలుకల పుణ్యమే. కొందరు బానెట్ కింద పొగాకు కాడలు పెడతారు, కొందరు నాఫ్తలీన్ ఉండలు. ఎదురింటాయన బండిలో రెండు వైర్లు కొరికితే మొత్తం వైరింగే మార్చాలని 45,000 చెప్పారు. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ ఆ రెండు వైర్లూ అతికి, తొడుగు వేసి, టేపు చుట్టి ఎనిమిది వందలు తీసుకున్నాడు. మొత్తం వైరింగ్ మార్చడం మీ కంపెనీ రూలు కావచ్చు. అయితే ఆ రూలు చెప్పండి. "రెండు వైర్లు అతికితే నడుస్తుంది గాని దానికి మా గ్యారంటీ ఉండదు" అని మీరే చెప్తే, నిర్ణయం ఆయన తీసుకుంటాడు.

వచ్చే నెల నా బండి డెబ్బై వేల కిలోమీటర్ల సర్వీసుకి రావాలి. మీ దగ్గరికే తెస్తాను. ఆటోనగర్ పెద్దాయన కూడా అదే చెప్పాడు, "ఆయిలూ బ్రేకులూ అక్కడ బాగానే చూస్తారు బాబుగారూ, పోనీయండి" అని. కౌంటర్ దగ్గర ఆ కాగితం అడుగుతాను. ప్రింటర్‌లో ఇంకు లేదని చెప్పకండి, ఎస్టిమేట్ కాగితం బాగానే ప్రింటయింది. అది ఇంకా నా దగ్గరే ఉంది, 61,500 అంకె కింద మీ స్టాంపుతో సహా.

ఇట్లు
మీ పాత కస్టమరు,
తెనాలి